ఐదక్షరాల ఇంగ్లీష్ మాటను పట్టుకోవడం ఎలా: వర్డల్ ఆడేవారికి సమగ్ర మార్గదర్శి

"మధ్యలో ఏ ఉంది, చివర ఎన్ ఉంది, ఎస్ లేదు, టీ లేదు. ఐదక్షరాల మాట ఏమై ఉంటుంది?" రోజూ పొద్దున్నే ఫోన్‌లో వర్డల్ తెరిచేవాళ్లందరికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. దాచిన ఐదక్షరాల ఇంగ్లీష్ మాటను ఆరు అవకాశాల్లో కనిపెట్టే ఆట అది. మనం వేసిన ప్రతి మాటలోని అక్షరాలకు రంగులేసి సూచనలిస్తుంది. ఇంగ్లీష్ పేపర్లో క్రాస్‌వర్డ్ నింపేవాళ్లదీ, స్క్రాబుల్ ఆడేవాళ్లదీ ఇదే తిప్పలు. అలాంటప్పుడు చాలామంది కళ్లు మూసుకుని నోట్లో మాటలు తిప్పుకుంటారు: బ్రెయిన్, గ్రెయిన్, డ్రెయిన్... మన తెలుగువాళ్లకు ఈ అలవాటు మరీ ఎక్కువ. మనం దాదాపు పలికినట్టే రాస్తాం, రాసినట్టే పలుకుతాం. అందుకే మాట వెతకమంటే ముందు చెవి పనిలోకి దిగుతుంది. ఇంగ్లీష్‌లో చెవిని నమ్ముకుంటే బోలెడు మాటలు తట్టకుండానే పోతాయి. చూడాల్సింది గళ్లను: ఏ గడిలో ఏ అక్షరం కూర్చోగలదు, ఏది కూర్చోలేదు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క పని గురించే.

స్పెల్లింగ్ చెప్పాల్సిన చోట అక్షరాల పేర్లు విడివిడిగా రాస్తాను. క్రేన్ అంటే సీ-ఆర్-ఏ-ఎన్-ఈ. చదువుతూ పక్కన ఒక కాగితం మీద ఇంగ్లీష్‌లో రాసుకుంటూ వెళ్తే తేలిగ్గా ఉంటుంది.

1. ముందు, ఎక్కడ వెతుకుతున్నామో తెలియాలి

వర్డల్‌ను తయారు చేసింది జాష్ వార్డల్. వేల్స్‌లో పుట్టిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉండేవాడు. మాటల ఆటలంటే ఇష్టపడే తన భాగస్వామి పలక్ షా కోసం దీన్ని రాశాడు. 2021 అక్టోబర్‌లో అందరికీ తెరిచాడు, 2022 జనవరి ఆఖర్లో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇంగ్లీష్‌లో ఐదక్షరాల మాటలు పన్నెండు వేలకు పైనే ఉంటాయి. పలక్ షా వాటన్నిటినీ చూసి, మామూలు మనుషులకు తెలిసిన మాటలేవో ఏరింది. అలా జవాబుల జాబితా 2,300 పైచిలుకుకు దిగింది.

అంటే మీరు వెతికేది డిక్షనరీ మొత్తంలో కాదు, తెలిసిన మాటల్లో. ఎవరూ వాడని వింత మాట తట్టిందంటే ఆట దాన్ని ఒప్పుకోవచ్చు గానీ, జవాబు అయ్యే అవకాశం తక్కువ.

ఇంకో రెండు నియమాలు గుర్తుంటే చాలా మాటలు ముందే పక్కకు పోతాయి. చివర ఎస్ గానీ ఈ-ఎస్ గానీ చేర్చిన బహువచనాలు జవాబుగా రావని 2022 నవంబర్‌లో పత్రిక చెప్పింది. కాబట్టి బుక్స్, ట్రీస్ లాంటివి వద్దు. గ్లాస్, ఫోకస్, చెస్ మాత్రం ఏకవచనాలే కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. రెండోది అమెరికన్ స్పెల్లింగ్. మనం బళ్లో నేర్చుకున్న కలర్‌లో యూ ఉంటుంది, ఆరు అక్షరాలు. వాళ్లది సీ-ఓ-ఎల్-ఓ-ఆర్, ఐదే. హ్యూమర్, ఫేవర్, లేబర్, ఆనర్ అన్నీ ఇంతే. 2022 మొదట్లో ఫేవర్ జవాబుగా వచ్చినప్పుడు బ్రిటన్‌లో జనం గోల గోల చేశారు. మనదీ అదే బడి కాబట్టి, చివర ఓ-ఆర్ వచ్చే మాటల్ని విడిగా రాసి పెట్టుకోవడం మంచిది.

2. రంగులు చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

ఆకుపచ్చ: అక్షరం ఉంది, ఇదే గడిలో ఉంది. పసుపు: అక్షరం ఉంది, ఈ గడిలో లేదు. బూడిద: లేదు. ఇది అందరికీ తెలుసు. కానీ పసుపులో రెండు కబుర్లున్నాయి. "ఉంది" అన్నది అందరూ పట్టుకుంటారు, "ఇక్కడ లేదు" అన్నది మర్చిపోయి మళ్లీ అదే గడిలో పెడతారు. ఉన్న ఆరు అవకాశాల్లో ఒకటి అలా ఊరికే పోతుంది.

జంట అక్షరాల దగ్గర బూడిద కూడా తికమక పెడుతుంది. మీరు స్పీడ్ వేశారు: ఎస్-పీ-ఈ-ఈ-డీ. జవాబు అబైడ్: ఏ-బీ-ఐ-డీ-ఈ. జవాబులో ఈ ఒక్కటే ఉంది కాబట్టి మీ మొదటి ఈ పసుపవుతుంది, రెండోది బూడిదవుతుంది. ఆ బూడిదను చూసి "ఈ లేదు" అనుకుంటే ఆట అక్కడితో అయిపోయినట్టే. "ఒక్కటే ఉంది, రెండోది లేదు" అని దాని అర్థం.

3. మొదటి మాట

దీని మీద జరిగినంత చర్చ దేని మీదా జరగలేదు. మొదటి జవాబుల జాబితాలో ఎక్కువగా కనిపించే అక్షరాలు వరసగా ఈ, ఏ, ఆర్, ఓ, టీ, ఎల్, ఐ, ఎస్, ఎన్. దాదాపు సగం మాటల్లో ఈ ఉంటుంది. వీటిలోంచి ఐదు వేరు వేరు అక్షరాలు తీసుకుని, అవి మామూలుగా కూర్చునే గళ్లలో కూర్చోబెడితే మంచి మొదటి మాట తయారవుతుంది.

3బ్లూ1బ్రౌన్ అనే గణిత ఛానెల్ నడిపే గ్రాంట్ శాండర్సన్ 2022 ఫిబ్రవరిలో ఇదంతా లెక్కగట్టి క్రేన్ మంచిదన్నాడు. తర్వాత తన ప్రోగ్రామ్‌లో చిన్న పొరపాటు దొరికిందని చెప్పి, సాలెట్ అని తేల్చాడు: ఎస్-ఏ-ఎల్-ఈ-టీ, పాతకాలపు సైనికుల శిరస్త్రాణం. న్యూయార్క్ టైమ్స్ వారి వర్డల్‌బాట్ (మన ఆటను విశ్లేషించే ప్రోగ్రామ్) కూడా మొదట క్రేన్ అని, తర్వాత స్లేట్ అంది. ఈ మూడింటికీ తేడా చాలా స్వల్పం. ఏదో ఒకటి పట్టుకుని రోజూ అదే వేయండి. తర్వాత ఏం చేయాలో చేతికి అలవాటవుతుంది, అసలు లాభం అదే.

అడ్యూ గురించి మాత్రం ఒక మాట. ఏ-డీ-ఐ-ఈ-యూ. ఒకేసారి నాలుగు అచ్చులు తేలిపోతాయని చాలామందికి ఇష్టం. నాకు నచ్చదు. ఏ ఉంది, ఈ ఉంది అని తెలిసినా ఇంకా బోలెడన్ని మాటలు మిగులుతాయి. మాటను పట్టించేది హల్లులు. అచ్చులు ఎలాగూ ఐదే, హల్లులు వెతుకుతుంటే అవి దారిలో తగులుతాయి.

4. ఏ అక్షరం పక్కన ఏది కూర్చుంటుంది

తీరిగ్గా నేర్చుకోవాల్సింది ఇదే. ఇక్కడ పెట్టిన సమయం వర్డల్‌లోనే కాదు, స్పెల్లింగ్ రాసే ప్రతిచోటా తిరిగొస్తుంది.

మొదట్లో వచ్చే జంటలు: ఎస్ పక్కన టీ, హెచ్, పీ, ఎల్, సీ, కే. సీ పక్కన హెచ్, ఆర్, ఎల్. టీ పక్కన ఆర్, హెచ్. బీ, జీ, ఎఫ్, పీల పక్కన ఆర్ లేదా ఎల్. డబ్ల్యూ పక్కన హెచ్. జవాబుల్లో ప్రతి ఆరింటిలో దాదాపు ఒకటి ఎస్‌తోనే మొదలవుతుంది. కాబట్టి మాట తట్టనప్పుడు మొదటి గడిలో ఎస్ పెట్టి, రెండో గడిలో ఈ జంటల్ని ఒక్కొక్కటే వేసి చూడండి.

చివర్లో వచ్చేవి: సీ-హెచ్, ఎస్-హెచ్, సీ-కే, ఎన్-టీ, ఎన్-డీ, టీ-హెచ్, ఈ-ఆర్, ఎల్-వై, టీ-వై, ఏ-ఎల్. ఒంటరి అక్షరాల్లో చివరి గడిలో ఎక్కువగా కూర్చునేవి ఈ, ఆ తర్వాత వై. అదే ఐ, యూలతో ముగిసే ఇంగ్లీష్ మాటలు చాలా తక్కువ. అలిబై, రబ్బై లాంటివి ఏవో కొన్ని. మనకు కారు, బస్సు అని చివర అచ్చు చేర్చి పలకడం అలవాటు కాబట్టి, ఐదో గడిలో యూ పెట్టాలని చేయి లాగుతుంది. పెట్టకండి. వీ, జే, క్యూలు చివర్లో దాదాపు ఉండవు. వీ శబ్దంతో ముగిసే మాట చివర ఈ ఉండి తీరుతుంది: బ్రేవ్, డ్రైవ్, గ్లోవ్, కర్వ్.

క్యూ వచ్చిందంటే పక్కన యూ ఖాయం. క్వీన్, క్విక్, క్వోట్ మొదట్లో. స్క్వాడ్, స్క్విడ్, ఈక్వల్, ఈక్విప్ రెండో గడిలో.

అచ్చులన్నీ బూడిదైపోయాయా? టెన్షన్ పడకండి. అచ్చు పని వై చేస్తుంది: క్రిప్ట్, లింఫ్, నింఫ్, ట్రిస్ట్, జిప్సీ, పిగ్మీ, గ్లిఫ్. ఇవి పట్టుమని పది పదిహేను మాటలు, ఒక పూటలో కంఠస్థం వస్తాయి.

ఇక వినపడని అక్షరాలు. చెవితో వెతికేవాళ్లకు ఎప్పటికీ దొరకని మాటలివి, అందుకే కాస్త ఎక్కువ చెబుతున్నాను.

కే-ఎన్ మొదట్లో ఉంటే కే పలకదు: నైఫ్, నాక్, నీల్, నోన్, నోల్. డబ్ల్యూ-ఆర్ ఉంటే డబ్ల్యూ పలకదు: రైట్ (రాయడం), రాంగ్, రిస్ట్, రెక్, రాత్. జీ-ఎన్‌లో జీ పలకదు: నోమ్, నాష్. చివర ఎం-బీ ఉంటే బీ పలకదు: థంబ్, క్రంబ్, క్లైంబ్, ప్లంబ్. మనవాళ్లు థంబ్‌లో బీని గట్టిగా పలుకుతారు, ఆటలో అది కలిసొచ్చేదే. ఎల్ మింగేసే మాటలు: చాక్, స్టాక్ (మొక్క కాడ), కాక్ (కిటికీ సందులు మూసే లప్పం, సీ-ఏ-యూ-ఎల్-కే). సామ్ అయితే మొదట పీ, మధ్యలో ఎల్, రెండూ మింగేస్తుంది: పీ-ఎస్-ఏ-ఎల్-ఎం. జీ-హెచ్ సంగతి మరీ ఘోరం. లాఫ్, కాఫ్, రఫ్, టఫ్‌లలో అది ఎఫ్ అవుతుంది, వే (తూకం వేయడం), నే (గుర్రం సకిలింపు) మాటల్లో ఏమీ కాకుండా పోతుంది.

ఈ గుంపుల్ని పలికినట్టు కాకుండా గళ్లలో గీసుకుని నేర్చుకోండి. ఐదు గళ్లు గీసి, కే-ఎన్ మొదటి రెండింట్లో రాసి, మిగతా మూడు నింపడం అన్నమాట.

5. పసుపు అక్షరాలను గళ్లలో తిప్పడం

మొదటి మాట క్రేన్ వేశారు. ఆర్, ఏ పసుపు. సీ, ఎన్, ఈ బూడిద. ఇక్కడ చాలామంది "ఆర్, ఏ ఉన్న మాట... ఆర్, ఏ ఉన్న మాట..." అని జపం మొదలుపెడతారు. కాగితం తీయండి.

ఆర్ రెండో గడిలో లేదు. అంటే 1, 3, 4, 5. ఏ మూడో గడిలో లేదు. అంటే 1, 2, 4, 5. రెండూ ఒకే గడిలో కూర్చోలేవు కాబట్టి మొత్తం పదమూడు వరసలు వస్తాయి. అన్నీ సమానం కావు, కొన్నింటిలోనే మాటలు కుప్పగా ఉంటాయి:

- ఏ రెండు, ఆర్ మూడు: పార్టీ, హార్డీ, మార్ష్, హార్ష్
- ఏ రెండు, ఆర్ నాలుగు: ఫెయిరీ, డెయిరీ, హెయిరీ
- ఏ రెండు, ఆర్ ఐదు: మేజర్, లేబర్, వేపర్, ఫేవర్
- ఏ నాలుగు, ఆర్ ఐదు: షుగర్, సోలార్, పోలార్, ఆల్టర్ (గుడిలో బలిపీఠం)
- ఆర్ ఒకటి, ఏ రెండు: ర్యాపిడ్, రేడియో, ర్యాలీ
- ఆర్ ఒకటి, ఏ నాలుగు: రాయల్, రైవల్
- ఆర్ మూడు, ఏ నాలుగు: మోరల్, వైరల్, మ్యూరల్

మిగతా వరసల్లో అబార్ట్, అబ్హార్, హైడ్రా లాంటివి ఒకటీ అరా. అలారం తట్టిందా? ఏ-ఎల్-ఏ-ఆర్-ఎం. మూడో గడిలో ఏ ఉంది. అదే జవాబైతే క్రేన్ వేసినప్పుడే ఏ ఆకుపచ్చగా వెలిగేది, కాబట్టి కొట్టేయండి.

ఇప్పుడు రెండో మాటగా నేనైతే సోలార్ వేస్తాను: ఎస్-ఓ-ఎల్-ఏ-ఆర్. ఏ, ఆర్‌లకు కొత్త గళ్లు దొరికాయి, దాంతోపాటు బాగా వాడుకలో ఉన్న ఎస్, ఓ, ఎల్ మూడూ తేలిపోతాయి. ఏ ఒక్కటే ఆకుపచ్చై ఎల్, ఆర్ పసుపైతే రైవల్, వైరల్ వైపు వెళ్లాలి. ఏ, ఆర్ రెండూ మళ్లీ పసుపే అయితే పార్టీ, ర్యాపిడ్ వైపు.

పూర్తి ఆట ఒకటి చూద్దాం. మొదటి మాట స్లేట్. మధ్యలో ఏ ఆకుపచ్చ, మిగతా నాలుగూ బూడిద. మూడో గడిలో ఏ, ఎస్-ఎల్-టీ-ఈలు లేనివి రాసుకుంటే: బ్రెయిన్, గ్రెయిన్, డ్రెయిన్, చైన్, చైర్, బ్రాండ్, గ్రాండ్, క్రాంక్, ప్రాంక్, క్రాక్, గార్డ్, బోర్డ్, కోచ్, డైరీ, పియానో... వీటిని నిలువుగా ఒకదాని కింద ఒకటి రాసి, రెండో గడిని కిందికి చదవండి. ఆర్, ఆర్, ఆర్. చివర్లో ఎన్ చాలాసార్లు. కాబట్టి బ్రెయిన్ వేయాలి: బీ, ఆర్, ఐ, ఎన్ నాలుగూ ఒకేసారి పరీక్షకు వస్తాయి.

ఆర్ ఆకుపచ్చ, ఎన్ ఆకుపచ్చ. బీ, ఐ బూడిద. గ్రెయిన్, డ్రెయిన్ పోయాయి. మిగిలింది: ఏదో ఒకటి, ఆర్, ఏ, ఏదో ఒకటి, ఎన్. చెవితో వెతికితే ఇక్కడ గంటసేపు కూర్చోవచ్చు, ఎందుకంటే నాలుగో గడిలో ఉన్న అక్షరం వినపడదు. ఏ-కీ ఎన్-కీ మధ్య ఏది కూర్చోగలదని అడిగితే ఐ తర్వాత గుర్తొచ్చేది డబ్ల్యూ. అంటే డ్రాన్ లేదా ప్రాన్. డీ-ఆర్-ఏ-డబ్ల్యూ-ఎన్ గానీ, పీ-ఆర్-ఏ-డబ్ల్యూ-ఎన్ గానీ. ఏదైనా ఒకటి వేయాల్సిందే, తప్పితే నాలుగో వరసలో రెండోది. భీమవరం వైపు వాళ్లయితే ఆలోచించకుండా రొయ్యకే ఓటేస్తారు.

6. నాలుగు అక్షరాలు దొరికినా ఓడిపోయే చోటు

చివరి నాలుగు గళ్లూ ఆకుపచ్చ: ఐ-జీ-హెచ్-టీ. సంబరపడకండి. ముందు గడిలో ఈ, ఎఫ్, ఎల్, ఎం, ఎన్, ఆర్, ఎస్, టీ ఏదైనా రావచ్చు. ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్. ఎనిమిది మాటలు, మీ దగ్గర మహా అయితే నాలుగు అవకాశాలు. ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే లాటరీ.

ఇక్కడ జవాబు కాలేని మాటను కావాలని వేయాలి. మెలన్: ఎం-ఈ-ఎల్-ఓ-ఎన్. ఎం వెలిగితే మైట్, ఈ వెలిగితే ఎయిట్, ఎల్ వెలిగితే లైట్, ఎన్ వెలిగితే నైట్. ఏదీ వెలగలేదా, ఫస్ట్ వేయండి: ఎఫ్-ఐ-ఆర్-ఎస్-టీ. ఎఫ్ అయితే ఫైట్, ఆర్ అయితే రైట్, ఎస్ అయితే సైట్, మూడూ బూడిదైతే టైట్. ఎనిమిది మాటలున్నా మూడో ప్రయత్నానికల్లా జవాబు మీ చేతిలో ఉంటుంది.

ఇలాంటి ఊబులు ఇంకా ఉన్నాయి. చివర ఓ-యూ-ఎన్-డీ (సౌండ్, రౌండ్, పౌండ్, ఫౌండ్, బౌండ్, హౌండ్), చివర ఏ-టీ-సీ-హెచ్ (మ్యాచ్, క్యాచ్, వాచ్, బ్యాచ్, ప్యాచ్, హ్యాచ్), ఎస్-హెచ్-ఏ తర్వాత ఒక ఖాళీ, చివర ఈ (షేప్, షేర్, షేక్, షేడ్, షేమ్, షేవ్). ప్రతిదానికీ మెలన్ లాంటి మాట ఒకటి ముందే ఆలోచించి పెట్టుకోవచ్చు. హార్డ్ మోడ్‌లో ఆడేవాళ్లకు ఈ సదుపాయం లేదు. అక్కడ దొరికిన ఆకుపచ్చ అక్షరాన్ని అదే గడిలో మళ్లీ వాడాల్సిందే. వాళ్లు రెండో మాటలోనే హెచ్, టీలను పక్కపక్కన ఇరికించకుండా జాగ్రత్త పడాలి.

7. ఆట అయ్యాక ఎక్సెల్‌తో

ఆట మధ్యలో సైట్లలో వెతకడం నాకు ఇష్టం లేదు, ఆడటం ఎందుకిక? అయిపోయాక వెతికితే మాత్రం చాలా నేర్చుకోవచ్చు. ఆ రెండో వరస దగ్గర ఇంకా ఏయే మాటలు మిగిలి ఉన్నాయో, వాటిలో మనకు తట్టనివేవో బయటపడతాయి.

వన్‌లుక్ అనే నిఘంటువుల శోధన సైట్‌లో తెలియని ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రశ్నార్థకం పెడితే చాలు. రెండు ప్రశ్నార్థకాలు, మధ్యలో ఏ, మళ్లీ రెండు. నెట్ లేకుండా కావాలంటే ఇంగ్లీష్ మాటల జాబితా ఒకటి ఎక్సెల్‌లో ఒకే కాలమ్‌లో వేసుకోండి. పక్క కాలమ్‌లో లెన్ ఫార్ములా పెడితే పొడవు వస్తుంది, అందులో 5 ఉన్నవాటిని ఏరండి. తర్వాత టెక్స్ట్ ఫిల్టర్‌లో ఈక్వల్స్ ఎంచుకుని అదే ప్రశ్నార్థకాల నమూనా రాయండి. కింద రెండో షరతుగా డజ్ నాట్ కంటెయిన్ పెట్టి లేని అక్షరం ఒకటి ఇవ్వొచ్చు. ఇంకా అక్షరాలు తీసేయాలంటే, మిగిలినవాటిని కొత్త షీట్‌లోకి కాపీ చేసి మళ్లీ వడగట్టడమే. ఆరు, ఏడు అక్షరాల క్రాస్‌వర్డ్ మాటలకూ ఇదే పద్ధతి, లెన్ దగ్గర అంకె మారుతుంది అంతే.

అలా బయటపడ్డ తెలియని మాటల్ని నోట్‌బుక్‌లో రాసేటప్పుడు మొదటి అక్షరం ప్రకారం కాకుండా చివరి రెండు అక్షరాల ప్రకారం పేజీలు కేటాయించండి: సీ-హెచ్ పేజీ, ఏ-ఎల్ పేజీ, ఓ-ఆర్ పేజీ. మొదటి అక్షరం ప్రకారం కావాలంటే డిక్షనరీ ఉండనే ఉంది. ఒక్కో మాట పక్కన అర్థం, దాన్ని వాడుతూ ఒక చిన్న వాక్యం, పలకని అక్షరం ఉంటే దాని చుట్టూ సున్నా. వినపడని అక్షరాలున్న మాటలకు మాత్రం వెనకవైపు ఇంకో పేజీ తీసి, అక్కడ కూడా మరోసారి రాయండి.